పెద్దమడుగులో పేలిన మందు

ఆషాఢం వచ్చిందంటే మంచిర్యాల దగ్గరి బెస్తలు గోదావరి పెద్దమడుగులో వల వేసేవాళ్లు కాదు. తల్లి చేపలు ఎండాకాలమంతా ఆ లోతులో తలదాచుకుని, కొత్తనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. ఆ వానల కాలంలో చేపలమ్మే కొమురవ్వ గంప అటకెక్కించి పొలం కూలికి పోయేది. ఇంట్లో పొయ్యి రాజుకోకున్నా ఆ కట్టు ఎవరూ తప్పలేదు.

బెస్తల సహకార సొసైటీ వచ్చాక మడుగు అందరి ఉమ్మడి సొత్తయింది. కొమురవ్వ మరిది బుచ్చిరాములు దానికి అధ్యక్షుడై, ఇస్త్రీ అంగీ తొడుక్కుని ఒక చేపల గుత్తేదారు వెంట తిరగసాగాడు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున మడుగు దిక్కున నేల అదిరింది. ఇల్లు అలుకుతున్న కొమురవ్వ పేడ చేతులతోనే పరుగెత్తింది.

బొగ్గుబాయిలో బండలు పేల్చే మందును నీళ్లలో వేశారు. మడుగు సగం మేర చేపలు తెల్లటి పొట్టలు పైకెత్తి తేలుతున్నాయి. గుత్తేదారు మనుషులు పెద్ద రవ్వ, బొచ్చె చేపలను ఏరి, రైలుకు పంపడానికి మంచు పెట్టెల్లో కుక్కుతున్నారు. వేలెడంత చేపపిల్లలను కాళ్లతో తన్నేస్తున్నారు. పొట్ట పగిలిన తల్లి చేప గుడ్లు ఇసుకలోకి జారితే, ఒకడు వాటిని చెప్పులతో తొక్కుకుంటూ పోయాడు. ఈగలు ముసిరాయి. ఏరేవాళ్లలో ఆమె మొగుడు సారయ్య కూడా ఉన్నాడు.

"ఏందయ్యా, నువ్వు సుత గిండ్లనే ఉన్నవా?"

"జర సప్పుడు చెయ్యకే. గిండ్ల అందరికి పాలున్నది," అన్నాడు సారయ్య తలెత్తకుండా.

బుచ్చిరాములు నవ్వాడు. "ఫికరెందుకు వదినె? గోదారి ఎన్నడన్న ఎండుతదా?"

"గోదారి ఎండది. తల్లులను సంపితే పిల్లలు ఎవలు పెడ్తరు, నువ్వు పెడ్తవా?"

అవతలి కొసన రెండో తూటాకు ఒత్తి కడుతున్నారు. కొమురవ్వ చీర దోపుకుని మడుగులోకి దిగింది. చచ్చిన చేపలు నడుముకు తగిలాయి. చేతులకు జిగురు అంటుకుంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఎయ్యుండ్రి! నన్ను సుత పెట్టెల పెట్టి పంపుండ్రి!"

"బయటికి రావే! ఇజ్జత్ తీస్తున్నవ్," అని సారయ్య అరిచాడు.

"ఇంక ఇజ్జత్ ఏడున్నది మీకు?"

ఇరుగుపొరుగు ఆడవాళ్లు అనసూర్య, కిష్టవ్వ కూడా వచ్చి ఆమె పక్కన నీళ్లలో నిలబడ్డారు. ఆడవాళ్ల ప్రాణం తీసి కేసులో ఇరుక్కోవడం ఒడ్డున నిలబడిన గుత్తేదారుకు ఇష్టం లేకపోయింది. ఒత్తి విప్పించి, నిండిన పెట్టెలతో వెళ్లిపోయాడు.

సారయ్య తన వాటాగా ఒక రవ్వను ఇంటికి తెచ్చాడు. కొమురవ్వ ముట్టలేదు. అతనే కోసి, గుడ్లు వేయించుకుని, వేళ్లు నాకుతూ తిన్నాడు. మీసాల మీద మెరిసే నూనె చూసి ఆమె పెరట్లోకి పోయి కక్కుకుంది. ఒడ్డున పారేసిన చిన్న చేపల కంపు చాలా రోజులు ఊరిని వదల్లేదు.

దసరా తర్వాత వలలు వేస్తే పడ్డ చేపలు ఇంటి కూరకు కూడా చాలలేదు. మగవాళ్లలో సగం మంది మందమర్రి బొగ్గుబాయి పనికి పోయారు. సొసైటీ ఎన్నికకు మాత్రం అందరూ తిరిగి వచ్చారు. మళ్లీ అధ్యక్షుడిగా బుచ్చిరాములు పేరు చెప్పగానే చేతులు లేచాయి. సారయ్య చెయ్యి అందరికంటే ముందు లేచింది.

సొసైటీ ఆఫీసు వాకిట్లో నిలబడి చూస్తున్న కొమురవ్వ తుపుక్కున ఉమ్మేసింది. అనసూర్యను వెంటబెట్టుకుని ఇంకెవరూ మందు వేయకుండా మడుగు కాపలాకు నడిచింది.