తమ్ముడి ప్రసంగంలో అన్న

ఆ దర్జీకి ఒక్కడే తమ్ముడు. వేదికలెక్కి, భయం వదిలితే బతుకు మారుతుందని చెబుతూ పేరు తెచ్చుకున్నాడు. పుస్తకాలు, వీడియోలు, ఎక్కడికెళ్లినా హాలు నిండా జనం. ప్రతి ప్రసంగంలోనూ అన్న ఊసు వచ్చేది. మా అన్న భయపడ్డాడు, ఇప్పటికీ అదే ఇరుకు గదిలో అదే మిషను తొక్కుతున్నాడు అంటూ గొంతు జీరబోయేలా చెప్పేవాడు. జనం కళ్లు తుడుచుకునేవారు.

మొదట్లో దర్జీ పోనీలే అని నవ్వి ఊరుకున్నాడు. ఆ మాటలున్న వీడియో ఒకటి నలుగురి నోళ్లలో పడ్డాక, కొట్టుకు వచ్చేవాళ్ల చూపు మారింది. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చిన గుమాస్తా అతని భుజం తట్టి ధైర్యం చెప్పి వెళ్లాడు. ఒకావిడ ఏమీ కుట్టించుకోకుండానే గుమ్మంలో నిలబడి ఫొటో తీసుకుంది. నాకేం లోటండీ, చేతినిండా పనుంది అని చెప్పబోతే, పాపం, పైకి అలాగే అంటాడన్నట్టు తలాడించేవారు.

నిజంగానే పని పెరిగింది. పక్క గది కూడా తీసుకుని, మధ్య గోడ కొట్టించి, మిషన్లు వేయిద్దామని భార్యాభర్తలు అనుకున్నారు. ఆ సంగతి తెలిసి తమ్ముడు కారేసుకుని వచ్చాడు. గుడ్డముక్కలు పక్కకి నెట్టి స్టూలు మీద కూర్చుని, కొన్నాళ్లు ఆగమన్నాడు.

"ఎందుకురా?"

"కొత్త పుస్తకం వస్తోందన్నయ్యా. అట్ట మీద ఈ కొట్టు బొమ్మే. ఇప్పుడు నువ్వు బాగుపడితే నా మాటకి విలువేముంటుంది?"

సాయంత్రం, చిన్నకొడుకు దగ్గరే ఉంటున్న తల్లి ఫోను చేసి, వాడి నోటి దగ్గర కూడు తీయొద్దని బతిమాలింది. దర్జీ మెత్తబడ్డాడు. భార్య ఒప్పుకోలేదు. మీ తమ్ముడి కథ కోసం మనం ఇరుక్కుని బతకాలా అంది. మర్నాడే గోడ పడగొట్టించారు.

తమ్ముడు కోప్పడలేదు. కొత్త గది ఫొటోలు తెప్పించుకుని ఇంకో వీడియో పెట్టాడు. తన పాఠాలు విని ఆఖరికి అన్న కూడా మారాడట. పెద్ద సభకి దర్జీని రమ్మని కబురు వచ్చింది. వెళ్లనంటే తల్లి అన్నం మానేసింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్లాడు. లైట్ల వెలుగులో ఎదురుగా ఒక్క మొహం కనపడలేదు.

"వీడు చెప్పినందుకు కాదండీ," అన్నాడు మైకులో. "వీడు వద్దన్నా నేనే గోడ కొట్టించాను."

హాలు చప్పట్లతో మోగిపోయింది. తమ్ముడు వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. ఎవరు వద్దన్నా ఆగని ఈ మనిషి ఒకప్పుడు ఎలా ఉండేవాడో గుర్తుందా అని జనాన్ని అడిగాడు. దర్జీ మళ్లీ నోరు తెరిచేలోగా సంగీతం మొదలైంది.

ఇంటికి రాగానే ఏం చెప్పారని భార్య అడిగింది.

"నిజమే చెప్పాను," అన్నాడు చెప్పులు విడుస్తూ. "అదీ వాడికే పనికొచ్చింది."