కలుపు ఆడవాళ్ళ జవాబు

బెల్ కొలీన్ చెరుకు ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో ఆ పొద్దున సమ్మెలో ఉన్న పదకొండు కుటుంబాల సామాన్లు దుమ్ములో పడి ఉన్నాయి. కంపెనీ కాపలావాళ్ళు మంచాలూ దుప్పట్లూ కుండలూ ఎత్తి బయటికి విసిరేస్తున్నారు. ఒకావిడ రొట్టెల పెనం వదలనంటే చేతిమీద లాఠీతో ఒక్కటిచ్చి లాక్కున్నారు. లైన్ల మధ్య కంపెనీ వ్యాను నిలబడి, మీదున్న లౌడ్‌స్పీకరులో పాట వేస్తోంది. ఆ పాట దరువుకు కాళ్ళాడిస్తూ కుండలు పగలగొడుతున్నారు కాపలావాళ్ళు.

పాట సిల్వన్ కజోది. గొంతూ అతనిదే.

రోడ్డుమీద ఆగిన టాక్సీలో కూర్చుని సిల్వన్ అదంతా చూస్తున్నాడు. మేనేజరు క్లబ్బులో పాడటానికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి వచ్చాడు. వొంటిమీద తెల్ల సూటు.

"ఆ పెనం మా చెల్లెలు సుఖ్‌దేయిది," అన్నాడు టాక్సీ తోలే రామ్‌లోగన్, అద్దంలోకి చూడకుండా. "క్లబ్బుకేనా, దొరా?"

సిల్వన్‌కు తల కొట్టేసినంత పనైంది.

ట్రినిడాడ్‌లో సిల్వన్ పేరు తెలియని వాళ్ళుండరు. అక్కడ పాట కట్టేవాళ్ళు నవాబుల బిరుదులు తగిలించుకుంటారు, పూట గడవకపోయినా సరే. సిల్వన్ బిరుదు కొరడా దొర. నలభై ఏళ్ళు గవర్నర్లనీ నూనె కంపెనీలనీ పాటతో బాదాడు, రెండుసార్లు జైలుకెళ్ళాడు. కార్నివాల్ పందిట్లో అతను చరణం ముగిస్తే జనం "కైసో! కైసో!" అని మెచ్చుకుంటూ గొంతులు చించుకునేవాళ్ళు. అరవై మూడో ఏట పళ్ళు ఊడాయి. నిరుడు పందిట్లో మాటలన్నీ ఉఫ్ ఉఫ్‌మంటూ గాలిపోతే అదే జనం పగలబడి నవ్వారు. అప్పుడే ఎస్టేటు మేనేజరు కంపెనీ డాక్టరు చేత కట్టుడు పళ్ళు పెట్టించి, కలుపు తీసే ఆడవాళ్ళ సమ్మె మీద ఓ తమాషా పాట కట్టమన్నాడు. ఎగతాళే కదా, దానికేం అనుకున్నాడు సిల్వన్.

*కలుపు తీసే అమ్మకేమో కుర్చీ కావాలట,*
*కూర వండే అయ్యకేమో కొంగు కావాలట!*

పాట సారా దుకాణాల్లోకి ఎక్కింది. సమ్మెలో పెళ్ళాల పక్కన నిలబడిన చెరుకు కోత మగవాళ్ళను చూసి ఊరంతా కొంగు, కొంగు అని నవ్వింది. నాలుగో రోజుకల్లా మగవాళ్ళు కత్తులు పట్టుకుని పనిలోకి పోయారు. ఆడవాళ్ళు ఒంటరివాళ్ళయ్యారు. లాఠీ చెయ్యలేని పని పాట చేసింది!

ఎగతాళికి ఆ పాటగాళ్ళలో ఒక ధర్మం ఉంది. ఎవరిని అంటావో వాళ్ళ ముఖాన్నే అనాలి, అన్నాక నోరు మూసుకుని వాళ్ళ జవాబు వినాలి. సిల్వన్ తన ఎగతాళిని రికార్డుకెక్కించి వ్యానుమీద పంపాడు. వ్యానుకు ఎవరు జవాబు చెప్తారు?

అతను టాక్సీ దిగాడు. కాలినడకన మిల్లు వైపు బయలుదేరాడు.

మిల్లు గేటు ముందు ఆడవాళ్ళు మీటింగు పెట్టుకుని ఉన్నారు, నల్లవాళ్ళూ ఇండియావాళ్ళూ కలిసి నూటయాభై మంది. తెల్ల సూటును చూడగానే గోల లేచింది.

"వచ్చాడమ్మా పెళ్ళికొడుకు!"

"తరమండి వాణ్ణి!"

"నేను ఎగతాళికే కట్టానమ్మా," అన్నాడు సిల్వన్.

అప్పటికే అక్కడికి చేరిన సుఖ్‌దేయి వాచిన చెయ్యి పైకెత్తి చూపించింది. "నీ ఎగతాళికి నా మొగుడు భోలా నన్నొదిలి పనిలోకి పోయాడు. ఏం, బాగా నవ్వొచ్చిందా?"

"క్షమించండి, తల్లీ."

"నీ క్షమాపణ ఏం చేసుకోను? కాల్చుకుందామంటే పెనం కూడా లేదు!"

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు సిల్వన్ ప్రాణం చచ్చిపోయింది. అప్పుడు ముసలి ఎర్మిన్ లేచింది. కలుపు ముఠాలో అందరికంటే పెద్దది.

"తరమొద్దు. ఇతని పాటలకు నలభై ఏళ్ళు కైసో కొట్టినదాన్ని నేను. పాటగాడు మనల్ని అన్నాడు. మనం జవాబు చెప్పలేదు. నిలబడు, కొరడా దొరా. విను."

నడుం మీద చేతులు పెట్టుకుని ఎత్తుకుంది.

*కొరడా దొరా, కొరడా దొరా, ఎవరి చేతి కొరడా?*
*పళ్ళు పెట్టిన పెద్దదొరకు పని చేసే కొరడా!*

నూటయాభై గొంతులు అందుకున్నాయి. అలవాటు చెడ్డది, సిల్వన్ నాలుక మీదికి ఎదురు చరణం దానంతటదే వచ్చింది. ప్రాసతో సహా, ముసలిదాని నోరు మూయించేంత వాడి చరణం. వాదంలో ఏనాడూ ఓడలేదు మరి. ఇంకా నాకు గెలవాలనే ఉందా, ఛీ, అనుకున్నాడు. దాన్ని మింగేసి తలొంచుకున్నాడు.

"ఓడిపోయాను," అన్నాడు.

"ఓడితే సరిపోదు," అంది సుఖ్‌దేయి. "మగవాళ్ళను మాకు దూరం చేసింది నీ గొంతు. ఆ గొంతే పోయి వాళ్ళను తేవాలి. ఈ పాటే పాడాలి, నీ పేరుతోనే."

కోత జరిగే పొలం దాకా ఊరేగింపుగా నడిచారు. ముందు సిల్వన్. కంపెనీ వ్యాను వెంటపడి పాత పాటను హోరెత్తించింది. సిల్వన్ దానికంటే గట్టిగా ఎత్తుకునేసరికి కట్టుడు పళ్ళు జారిపోయాయి. తీసి జేబులో కుక్కుకున్నాడు. మాటలు ఉఫ్‌మన్నాయి. చెరుకు వరసల్లోంచి మగవాళ్ళు విరగబడి నవ్వారు.

"నవ్వండి!" అని అరిచాడు. "ఆ కొంగు పాట కట్టిన సిగ్గులేనోణ్ణి నేనే. మీ పెళ్ళాల కూడు పడగొట్టి నా పళ్ళు కట్టించుకున్నాను. కంపెనీవాళ్ళు నన్ను పళ్ళిచ్చి కొన్నారు. మిమ్మల్ని ఉత్తి నవ్వుతోనే కొన్నారు కదరా!"

నవ్వు ఆగింది. భోలా పెళ్ళాం వాచిన చెయ్యి చూశాడు.

"ఎవరు కొట్టారే?"

"నువ్వు పనిలోకి పోయిన కంపెనీయే," అంది సుఖ్‌దేయి.

భోలా కత్తి నేలకేసి కొట్టి వచ్చి ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాడు. ఒకడు, ఇద్దరు, పాతికమంది వచ్చారు. చివరికి పొలంలో ముఠా మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. అందరూ పోయి మిల్లుకు చెరుకు మోసే రైలు పట్టాల మీద కూర్చున్నారు.

పోలీసులు జీపుల్లో దిగారు. సార్జెంటు మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, మీరు సమ్మెవాళ్ళు కారు. క్లబ్బులో మీకోసం చూస్తున్నారు. జీపెక్కండి."

"నేను పాట మధ్యలో ఉన్నాను నాయనా," అని మళ్ళీ ఎత్తుకున్నాడు సిల్వన్. రెక్కలు విరిచిపట్టి, బేడీలు వేసి జీపులో పడేశారు.

పట్టాలమీద పాట ఆగిపోయింది. "అక్కా," అన్నాడు భోలా, ఎర్మిన్ వైపు తిరిగి, "మనకోసం జైలుకు పోతున్నాడు కదా. పాటలో ఆయన పేరు తీసేద్దామా?"

ఎర్మిన్ జవాబు చెప్పేలోపు జీపులోంచి ఉఫ్ ఉఫ్‌మంటూ కేక వచ్చింది.

"తియ్యొద్దు! నన్నంత సులువుగా వదలొద్దు! రేపు మరొకడు అమ్ముడుపోయేముందు ఆ పేరు వినాలి. గట్టిగా పాడండి!"

పాడారు. ఆడవాళ్ళు ఎత్తుకుంటే మగవాళ్ళు అందుకున్నారు. కొరడా దొరా, కొరడా దొరా, ఎవరి చేతి కొరడా! జీపులో బేడీల చేతులతో తాళం వేస్తూ అతనూ పాడాడు, కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. లాఠీలు లేచాయి. పట్టాలమీంచి ఒక్కరూ లేవలేదు.

ఆ రోజు బెల్ కొలీన్ మిల్లుకు ఒక్క చెరుకు గడ చేరలేదు.