గుంపుగా వెళ్లినవాళ్లు

1994. శుక్రవారం ప్రార్థన అయ్యాక, గల్ఫ్‌లో నయీమ్ పేటలోని తెలుగు క్రైస్తవ సహవాసంలో డ్రైవర్ కాలేబు దక్షిణాఫ్రికా నల్లవాళ్ల పోరాటం గురించి హుషారుగా చెబుతున్నాడు.

"అప్పట్లో తెల్ల సర్కారిచ్చిన పాసు జేబులో లేకపోతే నల్లవాళ్లకి జైలే! ఓ రోజు అందరూ పాసులు ఇంట్లో వదిలేసి, గుంపుగా పోలీసుస్టేషనుకెళ్లి, 'పట్టుకోండి' అన్నారు!"

"స్తోత్రం!" అంది సంఘమంతా అలవాటుకొద్దీ.

అద్లియా పేటలో ఇంటిపని చేసే సువార్తమ్మ లేచింది. "ఊళ్లో అమ్మకి ఆపరేషను తమ్ముడూ, వెళ్లాలి. తన దగ్గరే పెట్టుకున్న నా పాస్‌పోర్టు అడిగితే మేడం రేపు, రేపంటోంది. నాతో గుంపుగా ఎవరొస్తారు?"

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. అందరూ కాలేబునే చూశారు.

"చెప్పినోణ్ణి, తప్పుతుందా? యల్లా, వ్యానెక్కండి!"

తలుపు తీసిన మేడంకి గుమ్మంలో బైబిళ్లతో పద్నాలుగు మంది కనిపించారు. ఆవిడ భర్తకు ఫోన్ చేసి, లోపలికెళ్లి, పాస్‌పోర్టు తెచ్చిచ్చింది.

"తిరిగొస్తావుగా?"

"అమ్మని చూశాక చెబుతా మేడం," అంది సువార్తమ్మ.