సుద్దముక్కల కింది చీటీ

వ్యాకరణం మాష్టారు మూడోసారి జేబు తడుముకున్నాడు. చీటీ లేదు. నిన్నటి చొక్కాతోపాటు అదీ బకెట్టులో నానుతోందని గుర్తొచ్చేసరికి, వరండాలో నడుస్తున్నవాడల్లా గోడ పట్టుకుని ఆగిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా సంధులూ సమాసాలూ ఆయన నాలుక చివరే ఉండేవి. ఏడాదిగా ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అందుకే మర్నాటి పాఠం ముందురోజే చీటీ మీద రాసి జేబులో వేసుకుని, క్లాసుకొచ్చాక రేకుపెట్టెలో సుద్దముక్కల కింద పెట్టుకుంటున్నాడు. సుద్ద వెతుకుతున్నట్టు వంగి చూసుకుంటాడు. భార్యకు కూడా చెప్పలేదు. పోయిన వారం బస్సుస్టాపులో తన బస్సేదో తెలియక మూడు బస్సులు వదిలేస్తే, ముందు బెంచీ పిల్ల వచ్చి, "మాష్టారూ, ఇదే కదా మీ బస్సు?" అంది. ఆ పిల్ల ఎవరితోనైనా అంటుందేమోనని అప్పట్నుంచీ ఆయనకు గుండెదడ.

ఇవాళ తనిఖీ. హైస్కూల్లో వ్యాకరణం పీరియడు దండగ, తీసెయ్యాలని పైవాళ్ళ అభిప్రాయం.

"మీదే భారం మాష్టారూ. ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు" అంది హెడ్మిస్ట్రెస్.

తనిఖీ అధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మాష్టారు బోర్డు వైపు తిరిగాడు. ఏ పాఠమో గుర్తు రాలేదు. సుద్ద కోసమన్నట్టు రేకుపెట్టె మూత తీశాడు. తీరా చూస్తే సుద్దముక్కల కింద చీటీ ఉంది! తనది కాదు. తనవి వాలు అక్షరాలు, ఇవి గుండ్రటివి. తలెత్తితే నలభైమందీ బుద్ధిగా పుస్తకాల్లోకి చూస్తున్నారు. అందరికీ తెలుసన్నమాట.

మొదటి పంక్తి చదివాడు: "ఇవాళ కర్తరి, కర్మణి వాక్యాలు." అంతకుమించి చదివే ధైర్యం లేక మూత పెట్టేశాడు. ఆయన అడుగుతూపోయాడు, పిల్లలు చెబుతూపోయారు.

"అన్నీ పిల్లలచేతే చెప్పిస్తున్నారే! మంచి పద్ధతి" అన్నాడు అధికారి. "కానీ మాష్టారూ, ఇది రాకపోతే వాళ్ళకి పోయేదేముంది? మాట్లాడ్డం వచ్చుగా?"

దీనికి చీటీ అక్కర్లేదు.

"నోరున్నవాడిదే రాజ్యమంటారు కదండీ. నోరులేనివాడు అర్జీ రాసుకోవాలి. ఎవరు, ఎవర్ని, ఏం చేశారో తేటగా రాయలేకపోతే వాడి గోడు బుట్టదాఖలే. వీళ్ళలో సగంమంది చదువు ఇక్కడితో సరి. ఇక్కడ నేర్పకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు?"

అధికారి పీరియడు ఉంచమని రాసి వెళ్ళాడు.

మాష్టారికి మాత్రం భయం రెట్టింపైంది. ఇవాళ పిల్లలు నిలబెట్టారు. రేపు తను తప్పు చెబితే, మాష్టారు చెప్పాడు కదా అని దాన్నే వల్లె వేస్తారు. ఆ తప్పు వాళ్ళ అర్జీల్లోకి ఎక్కుతుంది.

ఆఖరి గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక రాజీనామా రాశాడు. మూడు వాక్యాలు. ఒక్క కొట్టివేత లేదు.

"ఇదేంటి మాష్టారూ, నెగ్గాం కదా!" అంది హెడ్మిస్ట్రెస్.

"అందుకేనమ్మా. పీరియడు దక్కింది. చెప్పేవాళ్ళని వెతకండి."

గేటు దాటి, రోడ్డు పక్కన జనంలో నిలబడ్డాడు. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది.

రేకుపెట్టె క్లాసులో బల్ల మీదే ఉండిపోయింది. అందులో సుద్దముక్కల కింద, ఆయన చదవని చివరి పంక్తి గుండ్రటి అక్షరాల్లో ఉంది: "ఇంటికి ఎర్ర బస్సు, ఇరవై ఏడో నంబరు."