ఐలీ ఇంటి తేమ

పొద్దున లేవగానే రూడీ కాంగస్ ముందు ఫోన్ చూస్తాడు, తర్వాతే పెళ్ళాం మొహం. బయట ఎంత చలి, ఇంట్లో తేమ ఎంత శాతం, బేస్‌మెంట్లో ఇల్లు వేడెక్కించే ఫర్నేస్ పక్కన బిగించిన తేమ యంత్రం ఎన్నిసార్లు తిరిగింది, అన్నీ అందులోనే. అమెరికా ఉత్తరపు కొసన మా డులూత్‌లో జనవరి వస్తే ఫర్నేస్ వేడికి పెదాలు పగిలి నెత్తురొస్తుంది, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొడుతుంది. అందుకే చాలా ఇళ్ళలో గాలికి తేమ కలిపే ఆ యంత్రం ఉంటుంది. రూడీ తన యంత్రానికి తెలివి కూడా నేర్పాడు. చలి ముదిరితే కిటికీలకి మంచు పట్టకుండా తేమ తనంతట తనే తగ్గాలి, చలి తగ్గితే పెరగాలి. ముప్పై ఏళ్ళు రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, తోచక ఇంటిని నడపడం మొదలుపెట్టాడు.

ఆయన భార్య ఐలీ సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె పుట్టింటి ఆడవాళ్ళకి దుఃఖం కళ్ళలోంచి రాదు, ఒంట్లోంచి గాలిలోకి వస్తుంది. ఎవరైనా పోయినప్పుడు చర్చిలో ఐలీ పక్కన కూర్చుంటే పాటల పుస్తకం ఉబ్బిపోతుంది, అంచేత పుస్తకాన్ని కోటు కింద పెట్టుకుంటాం. అంతే.

ఆ ఏడు నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఐలీ అక్క మార్లిస్ మంచం పట్టింది. నూట అరవై మైళ్ళ అవతల, కెనడా సరిహద్దు దగ్గర. మంచు కరిగేదాకా ఉండదన్నారు డాక్టర్లు. ఐలీకి కళ్ళలో శుక్లాలు, కారు నడపలేదు. ఆ దారిలో బస్సు ఎత్తేసి చాలా కాలమైంది.

"ఈ ఆదివారం తీసుకెళ్తావా?" అనడిగింది మొగుణ్ణి.

"చూద్దాంలే. హాల్లో సెన్సర్ తప్పు చూపిస్తోంది, ఇది తేలనీ."

పక్కింటి డోరీన్ కాఫీకొచ్చి ఈ మాట విన్నది. "నేను తీసుకెళ్తా పదవే," అంది.

"అబ్బే, నీకెందుకు శ్రమ."

మా వైపు ఎవరైనా సాయం చేస్తామంటే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి అడిగితేనే ఒప్పుకోవాలి. మొదటి మాటకే సరేనన్నవాళ్ళని సిగ్గులేనివాళ్ళంటారు. డోరీన్‌కీ ఆ లెక్క తెలుసు. "శ్రమేముందే, ఎటూ ఖాళీగానే ఉన్నాగా," అంది.

"వద్దులే, రోడ్లు బాగాలేవు."

డోరీన్ మూడోసారి నోరు తెరవబోయింది. రూడీ ఫోన్లోంచి తలెత్తకుండానే, "నీకెందుకమ్మా ఈ తంటా, నేను తీసుకెళ్తున్నాగా," అన్నాడు. మొగుడే తీసుకెళ్తానంటే పక్కింటావిడ ఇంకేమంటుంది! కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఐలీ ఆ కప్పు కడిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

ఆ ఆదివారం యాప్‌కి అప్‌డేట్ వచ్చింది. పై ఆదివారం స్విచ్చి మొరాయించింది. ఇరవై శాతం ఉండాల్సిన తేమ నలభై ఎనిమిదికి ఎక్కింది. ఉప్పు గడ్డకట్టింది, గోడ కాగితం అంచులు లేచాయి. రూడీ మాత్రం మురిసిపోయి ఫోన్లో తేమ గీత చూపించేవాడు. "యంత్రం తిరక్కుండానే ఇంత నిలుస్తోంది! ఇల్లు అలా బిగించాను మరి."

ఓరి సన్నాసీ, అది నీ పెళ్ళాంరా, అని మా అందరికీ నోటిదాకా వచ్చింది. కానీ మొగుడూ పెళ్ళాల మధ్య మేం నోరు పెట్టం. మర్యాద! తగలెయ్యనా ఆ మర్యాదని.

ఎక్కువైన తేమని తోసెయ్యడానికి బాత్రూం ఫ్యాన్‌కి కూడా తెలివి నేర్పాడు. అది రోజంతా తిరిగి ఐలీ దుఃఖాన్ని పెరట్లోకి ఊదేది. బయట ఫ్యాన్ గొట్టం కింద మనిషెత్తు మంచు పేరుకుంది. ఐలీ గిన్నెలు తోముతూ కిటికీలోంచి దాన్నే చూసేది.

"అక్క నా పేరు పిలుస్తోందట రూడీ. నర్సు చెప్పింది."

"వచ్చే ఆదివారం ఖాయం. ఒట్టు."

ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. మార్లిస్ పోయింది. ఐలీ "ఊఁ" అని విని, ఫోన్ పెట్టేసి, బీరువా తెరిచింది.

రూడీ ఫోన్లో గీత కూలిపోవడం మొదలైంది. నలభై, ఇరవై ఆరు, పదకొండు. నేల చెక్కలు టపటపా విడివడుతున్నాయి. ఆయన బేస్‌మెంట్లోకి పరిగెత్తి యంత్రం మూత తీశాడు. నీళ్ళతో తడిసి ఉండాల్సిన లోపలి జల్లెడ ఎండి చేతిలో పొడైపోయింది. వేసవి రాగానే ఆ యంత్రానికి నీళ్ళ కుళాయి కట్టేస్తాం, చలి మొదలవగానే తిప్పుతాం. మా ఊళ్ళో ఎవరూ మర్చిపోని పని. ఈయన ఫోన్లో అన్నీ తిప్పాడు, చేత్తో తిప్పాల్సిన ఈ ఒక్కటీ మర్చిపోయాడు. మేలో కట్టిన కుళాయి కట్టినట్టే ఉంది. ఆ చలికాలమంతా యంత్రంలోకి చుక్క నీరు రాలేదు.

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి ఐలీ కోటు వేసుకుని, సంచి పట్టుకుని నిలబడింది. గుమ్మంలో డోరీన్.

"నేను తీసుకెళ్తానే," అంటోంది.

"సరే, పద," అంది ఐలీ. మొదటి మాటకే! డోరీన్ బిత్తరపోయింది.

"ఐలీ, ఆ కుళాయి... నేను చూసుకోలేదు. ఉండు, బూట్లేసుకుని నేనూ వస్తా."

"అక్కర్లేదు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రాను రూడీ. అక్క ఇల్లు ఖాళీగా ఉంది." గొంతులో కోపం కూడా లేదు. "ఏడవాల్సింది ఏడ్చేశాను. నీ కోసం ఏడవాల్సింది కూడా అందులోనే అయిపోయినట్టుంది."

కారు వెళ్ళిపోయింది. రూడీ వంటగదిలో కూలబడ్డాడు. ఇల్లు కనిపెట్టుకుని ఉండేది ఎప్పుడూ ఐలీయే కాబట్టి, లోపల మనుషులున్నదీ లేనిదీ ఆమె ఫోన్‌ని బట్టే తెలుసుకోమని ఇంటికి నేర్పింది ఆయనే. కారు, అందులో ఐలీ ఫోనూ, కొండ దిగిపోయాయి. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, కింద ఫర్నేస్ ఆగింది. చేతిలో ఫోన్ మోగితే చూశాడు. "ఇంట్లో ఎవరూ లేరు," అని ఉంది.