ఐదో బేరింగు

హాజీ ఖమీస్ నా మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి, ఇంజను కట్టెయ్యకుండానే అరవడం మొదలుపెట్టాడు.

"ఉస్తా బస్యూనీ! బయటికి రా! ఏం చేశావయ్యా నా బండిని?"

బండి లోపల ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది. ఆయిల్ ప్రెషర్ దీపం. డెబ్బై నాలుగు నాటి ఫ్రెంచి బండి అది. ముప్ఫయ్యేళ్ళుగా అలెగ్జాండ్రియా నుంచి రషీద్‌కు మనుషుల్ని మోస్తోంది. ఖమీస్ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. రెండు నెలల కిందట, రంజాన్ చివరి రోజున, ఆ ఇంజను మొత్తం విప్పి బిగించింది నేనే.

"ముందు కట్టెయ్యవయ్యా! ఆ దీపం వెలుగుతుంటే ఇంజను తిప్పుతావా? బుద్ధుందా?" అని నేనూ అరిచాను. తప్పు చేసినవాడికే నోరెక్కువ.

ఎదురుగా టైర్ల కొట్టు దుసూకీ సిగరెట్టు పీలుస్తూ వచ్చి నిలబడ్డాడు. "ఏం ఉస్తా, నువ్వు ముస్తాబు చేసిన పెళ్ళికూతురు అప్పుడే ముసలిదైపోయిందా?"

"నీ టైర్లలో గాలి చూసుకో ఫో!"

వాడికేం తెలుసు నా బాధ? ఇంజనుకు అడుగున ఐదు బేరింగులు; ఏ ఒక్కదాని సందు ఎక్కువైనా ఆయిల్ ప్రెషర్ నిలవదు. ఆ రోజు నాలుగు కొలిచాను. ఐదోది కొలవబోతుంటే రేడియోలో ఉపవాసం విడిచే ఫిరంగి మోగింది. పొద్దుటి నుంచి నోట్లో చుక్క నీళ్ళు పడలేదు. తెల్లారితే పండగ, ఖమీస్ పీకల మీద కూర్చున్నాడు. నాలుగూ బాగున్నాయి, ఇదీ బాగానే ఉంటుందిలే అని బిగించేశాను. అదే గనక పోయి ఉంటే ఉస్తా అని, మేస్త్రీ అని ఈ వీధిలో నలభై ఏళ్ళుగా ఉన్న నా పేరు మట్టిలో కలిసినట్టే.

దీపాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇంజను చల్లారాక, దానికున్న దీపం స్విచ్చి విప్పి ఆ రంధ్రంలో నా పాత ముల్లు మీటరు బిగించి స్టార్టు చేశాను. ముల్లు మూడు దగ్గర నిలబడింది. వేడెక్కేకొద్దీ దిగడం మొదలుపెట్టింది. రెండు. ఒకటి. అర దగ్గర నేనే కట్టేశాను.

"చూడండయ్యా!" ఖమీస్ వీధి వైపు తిరిగాడు. "తమ్ముడిలాంటివాడని నమ్మి ఇస్తే నా నోట్లో మట్టి కొట్టాడు!"

"మాటలు తిన్నగా రానీ! ఆయిల్ తగ్గితే పోసి ఉండవు నువ్వు!"

"తగ్గడమా? రెండు నెలలుగా ఒక్క చుక్క పోయలేదు. తగ్గకపోగా పెరుగుతోంది! దర్గాకు వెళ్ళొచ్చినప్పటి నుంచీ బరకత్ అది. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు, నువ్వే నా చేత వాగించావు."

ఆయిల్ పెరగడమా?

నిన్న పనిలో చేరినవాడైనా మొట్టమొదట చూసేది ఆయిల్ కొలిచే పుల్ల. భయంలో నేనది ముట్టుకోనే లేదు. ఇప్పుడు లాగాను. పై గీత దాటి వేలెడు ఎత్తున తడి, నీళ్ళలా కారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"దుసూకీ! సిగరెట్టు! దూరంగా పోయి ఆర్పరా!"

వాడు పరిగెత్తాడు. నేను పుల్లను ఖమీస్ ముక్కు కింద పెట్టాను. "ఇదిగో నీ బరకత్. పెట్రోలు లాగే పంపులో పొర చిరిగి, అదంతా ఆయిల్లోకి దిగుతోంది. పలచబడ్డ ఆయిల్లో ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

పంపుకు కొత్త పొర వేసి, పాత ఆయిలంతా దించి కొత్తది పోసేసరికి సాయంత్రపు అసర్ అజాన్ అయింది. స్టార్టు చేసి బాగా వేడెక్కనిచ్చాను. ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది. మీటరు తీసి స్విచ్చి బిగించాక మళ్ళీ తిప్పితే, దీపం వెలగలేదు.

ఖమీస్ నా తల పట్టుకుని నడినెత్తిన ముద్దు పెట్టాడు. "నలుగురిలో నిన్ను అన్నాను. నలుగురిలోనే చెబుతున్నాను, తప్పు నాది."

"చెయ్యంటే బస్యూనీదే," అన్నాడు దుసూకీ, ఈసారి వెక్కిరింపు లేకుండా.

ఒకటిన్నరతో బండి నడుస్తుంది, ఎవరూ అడగరు. కానీ నేను బిగించిన ఇంజను ఎంత వేడెక్కినా రెండుకు తగ్గకూడదు. ఆ అర ఎటు పోయిందో నాకొక్కడికే అనుమానం. రేపు తెల్లవారుజామున హాజీ ఏడుగురిని ఎక్కించుకుని రషీద్ దారి పడతాడు. ఖమీస్ బండెక్కి తాళం తిప్పబోయాడు.

"దిగు హాజీ."

"మళ్ళీ ఏమైంది?"

"ఐదో బేరింగు నేను కొలవలేదు. ఆ రోజు ఫిరంగి మోగింది, ఆకలేసింది. కొలవకుండానే బిగించేశాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఖమీస్ మెల్లగా దిగాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. తాళంచెవి నా చేతిలో పెట్టి, పోయి పాత టైరు మీద కూర్చున్నాడు.

"విప్పు," అన్నాడు.

"ఐదోది కొలిచి చూపిస్తాను హాజీ, నీ కళ్ళ ముందే."

"ఐదోది కాదు. ఒకటి నుంచి కొలువు. ఆ నాలుగూ కొలిచావని ఇప్పుడు నేనెట్లా నమ్మను?"

జాకీ తెచ్చుకుని బండి కింద దూరాను.