డ్రాగన్‌కి కళ్ళు దిద్దే చెయ్యి

పండగ రోజుల్లో చైనావాళ్ళు తెల్ల కవరు ముట్టరు. అలాంటిది ఆఫీసులో తోటి ఉద్యోగిని మేలింగ్ ఒకటి ఫైలు కింద దాచుకుని తెచ్చి ఉమ కంప్యూటరు పక్కన పెట్టింది. చావు జరిగిన ఇంటికి ఇచ్చే కవరది.

"సారీ లా ఉమా," అంది, మాట చివర 'లా' తగిలించే అక్కడి చైనావాళ్ళ అలవాటుగా. "మాకెవరికీ తెలీదు. నీ హస్బెండ్ పోయింది ఈ మధ్యేనా?"

ఉమకి ఏమీ అర్థం కాలేదు. "శ్రీనాథా? ఆయన పోయి అయిదేళ్ళయింది. నీకెవరు చెప్పారు?"

"విశ్వేశ్వర్. నువ్వు సంతాపంలో ఉన్నావట. అందుకే డ్రాగన్‌కి కళ్ళు తన వైఫ్ దిద్దుతుందని బాస్‌తో అన్నాడు."

అప్పుడర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

అది రెండువేల సంవత్సరం, చైనా లెక్కలో డ్రాగన్ ఏడాది. వాళ్ళ డ్రాగన్ ఊళ్ళు తగలబెట్టే భూతం కాదు. వానలిస్తుంది, సిరులిస్తుంది. ఆఫీసువాళ్ళు కొత్త సంవత్సరం పండక్కి ఆడించడానికి కొత్తది చేయించారు. కొత్తదానికి గౌరవించదగ్గవాళ్ళెవరైనా ఎర్రరంగుతో కనుపాపలు దిద్దాలి. అప్పటిదాకా అది ఉత్త గుడ్డ, దిద్దాకే ప్రాణం. తారీఖు మారగానే కంప్యూటర్లన్నీ పడుకుంటాయని లోకమంతా వణికిన రోజుల్లో బ్యాంకు ప్రోగ్రాములు నిలబెట్టింది ఉమ. అందుకే బాస్ లిమ్ నలుగురిలోనూ "ఉమే దిద్దాలి" అన్నాడు. ఆ రోజు ఆమె బెడోక్ పేటలోని తన ఫ్లాట్‌కి వెళ్ళి చిన్నపిల్లలా ఎగిరింది. ఎగరదూ మరి! శ్రీనాథ్ పోయాక ఒక్క శుభకార్యంలో ఆమెని ముందుకు రమ్మన్నవాళ్ళు లేరు. తెలుగువాళ్ళ పేరంటాలకి పిలుపులే ఆగిపోయాయి.

వచ్చిన ఆ ఒక్క పిలుపుకీ మేనేజరు విశ్వేశ్వరరావు అడ్డం పడ్డాడు. తన మాటగా చెప్తే లిమ్ వినడని పెద్దమనిషికి తెలుసు. ఇంట్లో చావైనవాళ్ళు కొత్త సంవత్సరం వేడుకకి దూరంగా ఉండటం చైనావాళ్ళ పద్ధతి. మన విధవ పట్టింపుని తీసుకెళ్ళి ఆ పద్ధతిలో చుట్టి ఇచ్చాడు. భర్త పోయాడన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. మహానుభావుడు!

ఉమ కవరుని మేలింగ్ చేతిలోనే పెట్టేసి కిందికి దిగింది.

ఆఫీసు ముందు డప్పులు మొదలయ్యాయి. ఆటగాళ్ళు కర్రల మీద డ్రాగన్‌ని పట్టుకుని నిలబడ్డారు. ముందు కుర్చీలో ఎర్ర జాకెట్టు తొడుక్కున్న ముసలావిడ, లిమ్ తల్లి, కూర్చుని ఉంది. విశ్వేశ్వరరావు దంపతులు ఆవిడకి కమలాపళ్ళిచ్చి, వంగి కాళ్ళకి దండం పెడుతున్నారు. లేచి నిలబడ్డ ఆయన భార్య కమలాదేవి అప్పుడే కుంచె అందుకుంది.

ఉమ నేరుగా వెళ్ళి తెలుగులోనే అడిగింది. "నా మొగుడు మళ్ళీ ఎప్పుడు చచ్చిపోయాడు సార్?"

విశ్వేశ్వరరావు ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "మెల్లగా అమ్మా. వాళ్ళ ఆచారం వాళ్ళది. గౌరవించాలి కదా!"

"వాళ్ళ ఆచారమా? వాళ్ళ భుజం మీద తుపాకీ పెట్టి నన్ను కాలుస్తున్నారు మీరు."

"ఎందుకమ్మా అంత కోపం?" కమలాదేవి అందుకుంది. "శుభమా అని ఏడాది మొదలవుతుంటే... నీకు తెలీనిదేముంది?"

"తెలుసండీ. అయిదేళ్ళుగా మీరే నేర్పుతున్నారుగా."

లిమ్ దగ్గరికొచ్చి ఏమైందన్నాడు. ఉమ ఇంగ్లీషులోకి మారింది. "నా భర్త పోయి అయిదేళ్ళయింది సార్. ఇప్పుడు మా ఇంట్లో ఏ చావూ లేదు."

"ఫైవ్ ఇయర్స్?" లిమ్ ముఖం చిట్లించాడు. "మరెందుకు వద్దన్నావ్ విశ్వేశ్వర్?"

విశ్వేశ్వరరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తెలుగులో అంత సులువుగా ఉన్న కారణం ఇంగ్లీషులో చెప్పడానికి నోరు రాలేదు.

"ఆయన చెప్పరు, నేను చెప్తాను" అంది ఉమ. "మాలో మొగుడు పోయిన ఆడది ఎదురొస్తేనే అశుభం. నా చెయ్యి పడితే మీ డ్రాగన్‌కి కీడని ఆయన భయం."

డప్పులు ఆగాయి. లిమ్ విశ్వేశ్వరరావు వైపు తిరిగాడు.

"నాకు రెండేళ్ళప్పుడే మా నాన్న పోయాడు. ఇప్పుడు మీరిద్దరూ బ్లెస్సింగ్ తీసుకున్నది మా అమ్మ దగ్గరే లా. ఆమెని కూడా ఇంటికి పంపెయ్యమంటావా?"

కమలాదేవి ఆ ముసలావిడ కాళ్ళు ముట్టుకున్న చేతిని గబుక్కున కొంగుకి తుడుచుకోబోయి, అందరూ చూస్తున్నారని ఆగిపోయింది. ఉమ చూసింది. చూసి, కమలాదేవి రెండో చేతిలోని కుంచె లాక్కుంది.

కుడి కన్ను దిద్దింది, ఎడమ కన్ను దిద్దింది. డప్పు మోగింది, డ్రాగన్ తలెత్తి ఆవరణంతా ఒక చుట్టు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా విశ్వేశ్వరరావు కొట్టాడు. ఆ చేతులు ఆగేదాకా ఉమ ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.